ఎడమకు పిలిచిన రాయి

ఆ మనిషి ఆళ్లగడ్డ బస్టాండులో దిగేటప్పటికి వీపున ఒక పరుపు ఉంది. మధ్యకు మడిచి, పట్టీలు భుజాలకు తగిలించుకుని, తలకంటే ఎత్తున కనపడేలా మోసుకుంటూ దిగింది. పరుపులమ్ముకునే మనిషేమో అనుకున్నారు చూసినవాళ్లు. ఒకావిడ ఆపి, దూది మంచిదేనా అని నొక్కి కూడా చూసిందట.

ఇది తొంభై తొమ్మిది డిసెంబరు మాట. నేనప్పుడు ఆళ్లగడ్డలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. బడికి రెండు వీధుల అవతల ఒక గది తీసుకుని ఉండేదాన్ని. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి నంద్యాలలో నాయన దగ్గరికి పోవడం, సోమవారం పొద్దున్నే మొదటి బస్సుకు తిరిగి రావడం, అదీ నా బతుకు. మా హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిపించి, పూనా నుంచి ఎవరో ఆడమనిషి వచ్చిందని, తెలుగు ఒక్క ముక్క రాదని, నాకు హిందీ వచ్చు కాబట్టి ఏం కావాలో కనుక్కోమని చెప్పింది. నంద్యాలలో మా వీధిలో సగం ఇళ్లు తురకల ఇళ్లు. వాళ్ల పిల్లలతో ఆడుకుని నేర్చుకున్న హిందీ నాది.

ఆమె పని రాళ్లెక్కడం. కొండలు కాదు, కొండల కింద పడి ఉండే గుండ్లు. రెండు నిలువులు, మహా అయితే మూడు నిలువులు ఉండే రాళ్లు. తాడుండదు. చేతులకు తెల్లపొడి రాసుకుని, రాయి కింద పరుపు పరుచుకుని ఎక్కుతుంది. పడితే పరుపు మీద పడుతుంది. ఎన్నో దేశాలు తిరిగి ఎక్కిందట. నల్లమల అంచున మంచి రాళ్లున్నాయని విని, ఇది ప్రపంచం నలుమూలల నుంచి జనం వచ్చే చోటు కాగలదా లేదా చూసి, తనలాంటి వాళ్ల కోసం ఒక నివేదిక రాయాలని వచ్చింది.

నేను నవ్వాను. మాకు రాయంటే బేతంచెర్ల బండలు. మా నంద్యాల ఇంట్లో కూడా అవే పరిచి ఉండేవి. కోసి, నునుపు పట్టి, లారీకెత్తితేనే అది రాయి. కోయకుండా, కదిలించకుండా ఉన్నచోట ఉంచితే దాని కోసం దేశాలు దాటి జనం వస్తారంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. ఆమె ఏమీ అనుకోలేదు. ఆమెకు వయసులో నాకంటే నాలుగైదేళ్లు ఎక్కువ. పొట్టి మనిషి. వేళ్లు మాత్రం కూలిపని చేసే మగవాళ్ల వేళ్లలా లావుగా, కణుపులు తేలి ఉండేవి. నా గదిలోనే దిగింది. పొద్దున ఉగ్గాని, బజ్జీలు పెడితే రెండో మాటు అడిగి తిన్నది.

కొండ దారులు తెలిసిన మనిషి కావాలంది. నాకు గుర్తొచ్చింది ఒక్కడే. ఒక చెంచు పెద్దాయన. తేనె రోజుల్లో మా బడికి వచ్చి టీచర్లకు తేనె ఇచ్చిపోయేవాడు. యాభై దాటి ఉంటాయి. సన్నగా, ఎండిన కట్టెలా ఉండేవాడు. రెండు అరచేతుల్లోనూ అడ్డంగా ఒక మచ్చ, ఎప్పుడో కాలి మానినట్టు, తోలు ముడుచుకుపోయి. నేనెప్పుడూ దాని గురించి అడగలేదు. ఆయన నన్ను టీచరమ్మా అనేవాడు, నేను అప్పా అనేదాన్ని. కొండ మొదట్లో వాళ్ల గూడెం. సంక్రాంతి సెలవులకు ముందు నాకు నాలుగు రోజులు సెలవు దొరికింది. అడవి ఆఫీసులో చెప్పి, హద్దుకు ఇవతలే తిరుగుతామని రాసిచ్చి, ముగ్గురం బయలుదేరాం.

మొదటి రోజు ఆమె ఒక్క రాయి కూడా ఎక్కలేదు. ప్రతి రాయి చుట్టూ తిరిగి, వేలి కణుపుతో తలుపు తట్టినట్టు తట్టి, చెవి ఆనించి వినేది. గుల్లగా మోగితే ఆ రాయి పనికిరాదు, చేతిలోకి ఊడి వస్తుంది. గట్టిగా మోగాలి. పెద్దాయన దూరంగా గొంతుక్కూర్చుని అది చూస్తూ ఉన్నాడు. ఆమె తట్టినప్పుడల్లా ఆయన తల కొంచెం అటు తిరిగేది, లోపల నుంచి ఎవరన్నా పలుకుతారేమో అన్నట్టు.

తిరుగుతూ తిరుగుతూ ఆమె చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. మొదటిది రాయి జాతి. ఇక్కడిది పలుగుజాతి రాయి, విరగదు, వేలి తోలుకు అతుక్కుంటుంది, కానీ కోసెయ్యదు. రెండోది కింద నేల. ఎంత మంచి రాయైనా కింద మొనలు తేలిన రాళ్లుంటే ఎవరూ ఎక్కరు. ఆ తరవాత ఒకటీ రెండూ ఉంటే చాలదు, ఒక రాయి నుంచి ఇంకో రాయికి నడిచి పోగలిగేలా వందలుండాలి. వాటిలో చిన్నపిల్లలు ఎక్కగలిగేవీ ఉండాలి, ఏళ్ల తరబడి ప్రయత్నించినా ఎవరికీ లొంగనివీ ఉండాలి. నీళ్లుండాలి. చలికాలం పొడిగా ఉండాలి. ఊరు దగ్గరగా ఉండాలి గానీ మరీ దగ్గర కాకూడదు.

ఇవన్నీ ఉన్నా చాలదట. ఒక్క రాయి ఉండాలి. దాన్ని చూస్తే ఎక్కకుండా పోలేనంత అందంగా ఉండాలి. ఆ ఒక్క రాయి బొమ్మ చూసి జనం సముద్రాలు దాటి వస్తారు, వచ్చాక మిగతావి ఎక్కుతారు.

నేను ఇదంతా పెద్దాయనకు తెలుగులో చెప్పాను. ఆయన అట్లాంటి రాయి ఒకటుందని మాత్రం అన్నాడు. ఎక్కడ అని అడిగితే, ముందు ఈ రాళ్లు చూడనియ్యమన్నాడు.

రెండో రోజు ఆమె ఎక్కింది, నాకూ నేర్పింది. బడిలో పిల్లలకు పరుగులూ కబడ్డీ నేర్పే నేను, నా శరీరం నాకు తెలుసనుకునేదాన్ని. రాయి మీద రెండు అడుగులు పైకి పోయేటప్పటికి కాళ్లు కుట్టుమిషన్లా వణికాయి. ఆమె కింద నుంచి చేతులు చాచి నిలబడి, ఎక్కడ పట్టుకోవాలో చెబుతూ ఉంటే మూడోసారికి పైకి చేరాను. రాయి పైన కూర్చుంటే దూరంగా పొలాలు, ఆ పక్క రోడ్డు మీద యాత్రికుల బస్సులు కనిపించాయి. ఎక్కిన రాళ్ల మీద మా చేతుల తెల్లని గుర్తులు పడి ఉన్నాయి. పోయేముందు ఆమె ఒక చిన్న బ్రష్షుతో అవన్నీ తుడిచింది. తరవాత వచ్చేవాళ్లకు మన చేతులు కనపడకూడదు అంది. తుడిచినా పూర్తిగా పోలేదు. మసక వెలుతురులో వెనక్కి తిరిగి చూస్తే, ఎవరో రాళ్ల లోపల నుంచి అరచేతులు ఆనించి మమ్మల్ని చూస్తున్నట్టు అనిపించింది.

మూడో రోజు పెద్దాయన మమ్మల్ని ఆ రాయి దగ్గరికి తీసుకుపోయాడు.

కొండచరియ కిందుగా నడిచి, కంపచెట్లు దాటి, ఒక గుంతలోకి దిగాం. మూడు పక్కలా ఎత్తు, ఒక పక్క దారి. దిగేటప్పటికి గాలి ఆగిపోయింది. అంతవరకూ చెట్ల మీద గోలగోలగా అరుస్తూ మా వెంట వచ్చిన కొండముచ్చులు గుంత అంచున ఆగిపోయాయి. మా అడుగుల చప్పుడు ఎదురు చరియకు తగిలి తిరిగి వస్తోంది. రావడంలో ఏ వింతా లేదు. కానీ మేం ఆగాక కూడా ఒక అడుగు ఎక్కువ వినపడినట్టు నాకనిపించింది. ముగ్గురి అడుగులు కలిసి అట్లా వినిపించి ఉంటాయని సర్దిచెప్పుకున్నాను.

గుంత మధ్యలో ఉంది రాయి. ఒంటరిగా, నిటారుగా, మన వైపు కొంచెం వాలి. మూడు నిలువుల ఎత్తు. చుట్టుపక్కల రాళ్లన్నీ ఏండ్ల వానలకు నల్లగా చారలు కట్టి ఉంటే, ఇది మాత్రం నిన్న కోసినట్టు లేత ఎరుపుగా, ఒక్క మరకా లేకుండా ఉంది. కింద మెత్తటి ఇసుక. ఆమె పరుపు దించి, రాయి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. ఇదే అంది. దీని కోసం వస్తారు అంది. రంగు చూపించి, ఈ రాయి ఇక్కడ పడి ఎంతో కాలం కాలేదని, ఇప్పుడున్న మనుషులు బతికుండగానే పడి ఉంటుందని చెప్పింది. తల ఎత్తి చరియ వైపు చూపించింది. పైన అదే రంగులో, అదే ఆకారంలో ఒక పెద్ద గాయం లాంటి చోటు కనిపించింది. నేనూ చూశాను. పెద్దాయన మాత్రం తలెత్తలేదు.

ఆమె బూట్లు వేసుకుంటూ ఉండగా ఆయన నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"ఎక్కితే ఎక్కనీ టీచరమ్మా. ఈడ ఎవురన్నా పిలిస్తే మాత్రం పలకొద్దని చెప్పు."

"ఎవురు పిలుస్తారప్పా?"

ఆయన పోయి గుంత అంచున, రాయికి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఆ మాట నేను ఆమెకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తరవాత చాలా ఏళ్లు నన్ను నేను అడుక్కున్నాను. దేశాలు తిరిగి వచ్చిన మనిషి ముందు మా కొండ మాట చిన్నగా కనిపిస్తుందని సిగ్గుపడ్డాను. అంతే. ఆయన ఏమన్నాడని ఆమె అడిగితే, జాగ్రత్తగా ఎక్కమన్నాడని చెప్పాను.

ఆమె నాలుగుసార్లు ఎక్కబోయి నాలుగుసార్లూ సగంలో పడింది. సగం దాటాక రాయి నునుపు. కుడి చెయ్యి ఒక సన్నటి అంచు మీద ఉంటుంది, ఎడమ చేతికి ఏమీ దొరకదు. ఐదోసారి అక్కడే ఆగి, ఉన్నట్టుండి తల పైకెత్తింది. "క్యా?" అని అడిగింది, ఎవరో ఏదో అంటే సరిగ్గా వినపడనట్టు. తరవాత ఎడమ చెయ్యిని దూరంగా, కళ్లకు కనపడని మూలకు విసిరింది. అక్కడేదో దొరికింది. రెండు కదలికల్లో పైకి చేరింది.

నేను చప్పట్లు కొట్టాను. నా చప్పట్లు చరియకు తగిలి తిరిగి వచ్చాయి. ఆమె రాయి పైన కూర్చుని నవ్వుతూ, చాలా మేలు చేశావు, నువ్వు చెప్పకపోతే ఆ పట్టు నాకు కనపడేదే కాదు అంది.

నేనేమీ చెప్పలేదన్నాను.

అయితే ఆయన చెప్పుంటాడు అంది. మగ గొంతే. పై నుంచి, ఎడమ పక్కగా వచ్చినట్టుంటే అటే చెయ్యి వేశాను, ఇక్కడ శబ్దాలు తిరుగుతాయి కదా అంది. తరవాత ఆ మాటలను ఆమె పలికింది. తెలుగు ఒక్క ముక్క రాని నోటితో, విన్నది విన్నట్టుగా, పాట అప్పజెప్పే పిల్లలా పలికింది.

"ఎడంకు రా బావా. ఎడంకు రా."

పలికి, నన్ను అడిగింది. ఎడంకు అంటే ఎడమ వైపని చెయ్యి పెట్టాక తెలిసింది, ఈ బావా అంటే ఏమిటి, అని.

మేం ముగ్గురమే ఉన్న ఆ గుంతలో, ఆమెను బావా అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూస్తే పెద్దాయన లేచి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ ముందుకు చాచి, దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు పిడికిళ్లు బిగించి ఉన్నాడు. అప్పుడే మొదటిసారి ఆయన తలెత్తి చరియ వైపు చూశాడు.

ఆమె దిగి వచ్చాక ఆయనను కూర్చోబెట్టి నీళ్లిచ్చాం. తాగి, అప్పుడు చెప్పాడు. ఆయన చెబుతూ ఉంటే నేను హిందీలో చెబుతూ వచ్చాను. ఈసారి ఒక్క మాటా వదల్లేదు.

చరియకు తేనెపట్లు పడతాయి. వాళ్లు అడవి తీగతో తాడు పేని, పై నుంచి దిగి తేనె తీస్తారు. దిగే మనిషికి పైన తాడు పట్టేది బావమరిది. వేరేవాళ్లను నమ్మరు. తోడబుట్టినదాని బతుకు ఆ తాడు కొసకు వేలాడుతూ ఉంటుంది కాబట్టి, ఏమైనా సరే బావమరిది తాడు వదలడని. ఇరవై ఏళ్ల కిందట ఆయన పైన ఉన్నాడు. ఆయన అక్క మొగుడు కింద, చరియ మధ్యలో. తేనెపట్టు చేతికి అందడం లేదు. పై నుంచి చూస్తే ఎడమ పక్క కాలు పెట్టడానికి తావు కనపడింది.

"నేనే అరిస్తిని. ఎడంకు రా బావా, ఎడంకు రా అని. నేను సెప్పినానని ఆయప్ప ఎడంకు జరిగినాడు. ఆడ కాలు పెడ్తానే, ఆయప్ప నిలబడిన బండే ఊడి పాయ. తాడు నా చేతుల్లో జారిపోతాంటే వదల్లేదమ్మా నేను. తెగిపాయ."

అరచేతులు చూపించాడు. ఆ ఊడిన బండే ఇది. మనిషి దీనికి ఇవతల, ఇసుకలో దొరికాడు. అప్పటి నుంచి ఈ గుంతకు ఎవరన్నా ఒంటరిగానో, చప్పుడు లేకుండానో వస్తే ఆ పిలుపు వినపడుతుంది. చచ్చిపోయినవాడి పిలుపు కాదు.

"అది నా గొంతే. నేను బతికే ఉండా. నా అరుపు మాత్రం ఈడ్నే ఉండాది."

ఆమె ఇసుక మీది నుంచి పరుపు తీసి పక్కన పెట్టింది. తరవాత నా వైపు తిరిగి, ఎక్కే ముందు ఆయన నిజంగా ఏమన్నాడని అడిగింది. చెప్పాను. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఏ చోటుకు పోయినా మొదట అక్కడివాళ్లు చెప్పేది వినాలని, రాయి జాతి, కింది నేల అన్నీ ఆ తరవాతేనని, ఆ సంగతి నాకు చెప్పడం తనే మర్చిపోయానని అంది. తరవాత ఆయనను అడగమంది. ఈ రాయి గురించి రాయనా వద్దా. వద్దంటే దీని ఫొటో కూడా తీయను, ఈ గుంత ఉన్నట్టు కూడా ఎవరికీ చెప్పను.

వద్దంటాడని నేను అనుకున్నాను. ఆయన ఆలోచించి, కాళ్ల దగ్గరి ఇసుకను చేత్తో చదును చేస్తూ అన్నాడు.

"రానీ. పది మంది వచ్చి మాట్లాడుకుంటాంటే, నవ్వుకుంటాంటే, ఆ మాట ఇనపడకుండా పోతాదేమో."

ఆమె నివేదిక రాసింది. నాకూ ఒక ప్రతి పంపింది. అందులో ఆ రాయికి బొమ్మ ఉంది, పేరు లేదు. మొదట ఎక్కినవాళ్లు రాయికి పేరు పెట్టడం రివాజట. ఆమె పెట్టలేదు.

నా మటుకు నేను ఆ తరవాత చాలా నెలలు సరిగ్గా లేను. బడి మైదానంలో పిల్లలు వెనక నుంచి టీచర్ అని పిలిస్తే పలికేదాన్ని కాదు. తిరిగి ముఖం చూసి, పిలిచింది ఫలానా పిల్లే అని తెలిశాక గానీ నోరు విప్పేదాన్ని కాదు. నాకు చెవుడొచ్చిందేమోనని పిల్లలు గుసగుసలాడుకునేవాళ్లు. నంద్యాలలో నాయన లోపలి గదిలో నుంచి పిలిచినా అంతే. ఒకసారి ఆయన లేచి వచ్చి నా ముందు నిలబడి, "ఏందమ్మా, పిలిస్తే పలకవు. ఏం జరిగిందాడ?" అని అడిగాడు. రాళ్లెక్కితే చెవుల్లో గాలి చేరిందని ఏదో చెప్పాను.

రెండు వేల ఒకటిలో ఆమె దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. మంచు పడే ఏదో దేశంలో ఉంది అప్పుడు. అక్కడ ఒక రాయి మీద, సగంలో, ఎటు పోవాలో తెలియక ఆగిపోయినప్పుడు మళ్లీ వినపడిందని రాసింది. అవే మాటలు. అదే గొంతు. చెయ్యి ఎడమకు వేస్తే పట్టు దొరికిందట. ఆ ఒక్కసారే కాదు, మూడు నాలుగు చోట్ల అట్లా జరిగిందట. తను ఆ రోజు క్యా అని పలికింది కదా, అందుకే వెంట వచ్చిందేమో అని రాసి, కింద ఇంకో వాక్యం రాసింది. నాకు భయం లేదు, ఇంతవరకూ అది తప్పు చెప్పలేదు, అని. ఆ వాక్యం చదివినప్పుడు నాకు వేసినంత భయం ఆ గుంతలో కూడా వెయ్యలేదు. పెద్దాయన అరిచినప్పుడు కూడా, అరిచిన క్షణానికి, తప్పు చెప్పాననుకోలేదు కదా.

మరుసటి చలికాలం ఆమె ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చింది. నాలుగు పరుపులు. వారం రోజులున్నారు. గుంతలో వేరుశనగ బుడ్డలు తింటూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ ఎక్కారు. ఒకరు ఎక్కుతూ ఉంటే మిగతా ముగ్గురూ కింద నుంచి ఒకటే కేకలు. ఎవరికీ ఏమీ వినపడలేదు. ఆమెకు కూడా. పెద్దాయన ఆ వారమంతా వాళ్ల దగ్గరే కూర్చుని, వాళ్ల మాటలు అర్థం కాకపోయినా తల ఊపుతూ విన్నాడు. కొండముచ్చులు అంచు దాటి లోపలికి దిగి, బుడ్డల పొట్టు ఏరుకోవడం నేను చూశాను. ఆయన అనుకున్నది నిజమైనట్టే అనిపించింది.

వాళ్లు వెళ్లిపోయారు. గుంత మళ్లీ నిశ్శబ్దమైంది.

రెండు వేల మూడు దసరా సెలవులు మొదలైన పొద్దున, నేను నంద్యాలకు బయలుదేరుతుంటే, పెద్దాయన బడి దగ్గరికి కాదు, నేరుగా నా గదికి వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, ఒక్కసారి గుంతకు రమ్మన్నాడు. ఆమె వదిలిపోయిన పరుపు ఒకటి, ఎక్కే బూట్లు ఒక జత నా దగ్గరే ఉన్నాయి. అవి తెచ్చుకోమన్నాడు. ఆ నలుగురూ ఉన్న వారంలో నేర్చుకుని, అప్పటికి నేను ఆ రాయిని సగం వరకూ ఎక్కగలిగేదాన్ని. ఇద్దరం పోయాం. గుంతలోకి దిగాక చెప్పాడు ఎందుకు పిలిచాడో.

"ఆ పొద్దు నేను ఎడంకు రమ్మంటి. కుడికి రమ్మనింటే ఏమయ్యిండునో. ఇన్నేండ్లూ అదే అనుకుంటాండా. బండ యాడా తిరగబడలా, ఉన్నదున్నట్టే జారె, అప్పటి కుడి ఇప్పుడూ కుడే. ఆయప్ప నిలబడింది ఈ పక్కనే. కుడికి ఏమన్నా ఉండాదేమో నువ్వు సూడమ్మా. కింద నుంచి నాకు కనపడల్యా."

ఆయన ఎప్పుడూ ఆ రాయిని ముట్టలేదు. ఆ రోజూ ముట్టలేదు. నేను బూట్లు కట్టుకుని ఎక్కాను.

సగం దగ్గర, కుడి చెయ్యి సన్నటి అంచు మీద పెట్టి ఆగాను. మామూలుగా అక్కడి నుంచి దిగిపోయేదాన్ని. అప్పుడు వినపడింది. ఆమె చెప్పినట్టే, పై నుంచి. వయసులో ఉన్న మగవాడి గొంతు, ఊపిరి అందనట్టు. ఎడంకు రా బావా. కింద చూశాను. పెద్దాయన నా కిందనే నిలబడి ఉన్నాడు. నోరు మూసే ఉంది. ముఖం చూస్తే ఆయనకూ వినపడుతోందని తెలిసింది. ఎడంకు రా. నేను కుడికి చెయ్యి చాచాను. గొంతు దగ్గరైంది. తల పక్కనే, చెవి వెనకే ఉన్నట్టు. ఎడంకు, ఎడంకు. అందులో బెదిరింపు లేదు. బతిమాలడం ఉంది. అదే భరించలేకపోయాను. పలకబోయి పెదవి కొరుక్కున్నాను. కుడి పక్క రాయినంతా వేళ్లతో వెతికాను. అద్దంలా ఉంది. పైన, కింద, అందినంత దూరం వెతికాను. చీలిక లేదు, గుంట లేదు, గోరు ఆనేంత గరుకు కూడా లేదు. వేళ్లు జారాయి. పడ్డాను. పరుపు అంచు మీద పడి కుడి మడమ మెలి తిరిగింది.

పెద్దాయన నన్ను లేపలేదు ముందు. పక్కన కూర్చుని, ఏముందని అడిగాడు.

"కుడికి ఏం లేదప్పా."

"ఏం లేదా?"

"గోరు ఆనేంత కూడా లేదు. పోతే ఎడంకే పోవల్ల."

ఆయన తల వంచుకున్నాడు. ఏడ్చాడో లేదో నేను చూడలేదు, నా మడమనే చూసుకుంటూ కూర్చున్నాను. గుంతలో ఏ చప్పుడూ లేదు. కాసేపటికి లేచి, నా చంక కింద చెయ్యి వేసి, పరుపు తన నెత్తిన పెట్టుకుని నడిపించాడు. గూడెం చేరేసరికి మధ్యాహ్నం అయింది.

వాళ్ల అక్కను నేను చూడటం అదే మొదలు. తల నెరిసిన మనిషి, తమ్ముడి గుడిసె పక్కనే ఇంకో గుడిసెలో ఉంటుంది. నా కాలు ఒళ్లో పెట్టుకుని, ఏదో ఆకు నూరి పూసి, గుడ్డ చుట్టసాగింది. ఆయన గుడిసె గడప దగ్గర నిలబడి, ఎటో చూస్తూ చెప్పాడు. కుడికి ఏం లేదంటక్కా అని. ఇంకేమీ చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది.

ఆమె చేతులు ఆగలేదు. చుట్టిన గుడ్డ కొస పంటితో చించి, ముడి వేసింది.

"నేను ఎప్పుడన్నా అడిగితినా నిన్ను?"

అంతే అంది. ఆయన అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. ఆమె నాకు జొన్నరొట్టె పెట్టి, ఎదురుగా కూర్చుని మొగుడి గురించి చెప్పింది. తాడు మీద వేలాడుతూనే సగం తేనె తినేసేవాడట. బుట్ట పైకొస్తే సగమే ఉండేదట. ఈగలు తిన్నాయని చెప్పేవాడట, మూతి నిండా మైనం పెట్టుకుని. బావమరిదికి తెలిసినా అక్కకు చెప్పేవాడు కాదట. గడప మీద నుంచి పెద్దాయన, రెండు మార్లు పట్టుబడినాడు అన్నాడు. కాదు, మూడు అంది ఆమె. నా బస్సు టైమయ్యేవరకూ ఆ ఇద్దరూ ఆ లెక్క మీదే వాదించుకున్నారు.

ఆ చోటు ప్రపంచం వచ్చే చోటు కాలేదు. ఆ తరవాత రెండు చలికాలాలు నలుగురైదుగురు వచ్చారు, పోయారు. అడవి హద్దులు మారి గుంత లోపలికి పోయింది. అనుమతులు ఇవ్వడం మానేశారు. రాయి జాతి, కింది నేల, నీళ్లు, చలికాలం అన్నీ ఉండి కూడా ఒక చోటు ఊరికే ఉండిపోవచ్చని ఆ పూనా మనిషే ఒక ఉత్తరంలో రాసింది. పిలుపు గురించి ఆ ఉత్తరంలో ఏమీ రాయలేదు. నేనూ అడగలేదు. రెండు వేల ఆరులో నాకు నంద్యాలకు బదిలీ అయింది. పోయేముందు గూడేనికి పోయి అక్కాతమ్ముళ్లిద్దరికీ చెప్పి వచ్చాను. కొండ మొదట్లో చిన్న రాళ్లు రెండు మూడు ఎక్కి దిగాను.

అప్పటికి దారి ఇంకా మూయలేదు. గుంత వైపు దారి తిరిగే చోట కంపచెట్టు పక్కన కాసేపు నిలబడ్డాను. వినపడుతుందో లేదో ఒక్కసారి పోయి చూడాలనిపించింది. ఒంటరిగా ఉన్నాను. పోలేదు.